డ్రమ్ము మీది బొమ్మను చదువుదాం

ఎండాకాలం మొదలైందంటే మా గల్లీలో అందరి కండ్లూ డ్రమ్ముల మీదే. నల్లా రోజూ రాదు. వచ్చిన నాడు పట్టి పెట్టుకోకపోతే ట్యాంకరు వెనక బిందెలు పట్టుకొని ఉరకాలె. అందుకే మా పక్కింటి చెల్లె మొన్న గుజిరీ దుకాణంలో ఒక నీలం డ్రమ్ము కొన్నది. గట్టిగా ఉంది, మూత బిగుతుగా ఉంది, కొత్తదానిలో సగం ధర కూడా కాలేదు. సబ్బుతో రెండుసార్లు కడిగి నీళ్లు నింపబోతుంటే, ఎనిమిదో తరగతి చదివే ఆమె కొడుకు నా దగ్గరికి వచ్చిండు.

"మామా, మా అమ్మ తెచ్చిన డ్రమ్ము మీద చెయ్యి కాలుతున్న బొమ్మ ఉంది. అదేంది?"

పోయి చూసిన. లేబుల్ ముప్పాతిక వంతు చిరిగిపోయింది. మిగిలిన ముక్క మీద ఎర్ర గీత ఉన్న రెండు పెట్టెలు. ఒకదాంట్లో గాజు గొట్టం నుంచి చుక్కలు చేతి మీద పడుతున్నయి. రెండో దాంట్లో మనిషి ఛాతీ మీద నక్షత్రం లాంటి పగులు. పేరు మాత్రం లేదు, చిరిగిన ముక్కతోనే పోయింది.

"చెల్లే, ఇందులో నీళ్లు పొయ్యకు" అన్న.

"రెండుసార్లు కడిగిన గదన్నా!"

ఆ మాటకు జవాబు చెప్పడానికే ఈ వ్యాసం. నేను ముప్పై ఏండ్లు మిల్లు స్టోర్‌లో పనిచేసి దిగిపోయినవాణ్ణి. మన బీదర్ చుట్టుపక్కల చక్కెర కార్ఖానాలున్నయి, కందిపప్పు మిల్లులున్నయి, కొళార్ ఇండస్ట్రియల్ ఏరియాలో, హుమ్నాబాద్‌లో మందుల ఫ్యాక్టరీలున్నయి. మన ఇండ్లల్లో ఎవరో ఒకరు రోజూ ఏదో ఒక డ్రమ్మునో, బస్తానో ముట్టుకొని వస్తనే ఉంటరు. దాని మీద బొమ్మ ఉంటది. ఆ బొమ్మను చదవడం పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు. ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు.

ఎర్ర గీత ఉన్న తొమ్మిది బొమ్మలు

పేకముక్కల్లో డైమన్ గుర్తు ఎట్లుంటదో మీకు తెలుసు. అట్లా మూల మీద నిలబెట్టిన తెల్ల పెట్టె, చుట్టూ ఎర్ర గీత, లోపల నల్ల బొమ్మ. ప్రపంచమంతా ఒకే రకంగా ఉండాలని ఐక్యరాజ్య సమితి 2003లో ఈ పద్ధతిని అచ్చువేసింది. చైనా నుంచి వచ్చిన డ్రమ్మయినా, జర్మనీ నుంచి వచ్చినదైనా, హైదరాబాద్‌లో నింపినదైనా బొమ్మ అదే. భాష మారుతది, బొమ్మ మారదు. పాత స్టాకు మీద ఇంకా నారింజ రంగు చదరపు పెట్టెలు కనిపిస్తయి. అవి పాత పద్ధతివి, కానీ బొమ్మలు చాలావరకు ఇవే.

ఒకటి, మంట. తొందరగా అంటుకునే సరుకు. మెథనాల్, అసిటోన్, టోలీన్, పెయింటులో కలిపే థిన్నర్, డిస్టిలరీలో తయారయ్యే ఇథనాల్, అన్నిటి మీదా ఇదే ఉంటది. మంట బొమ్మ చూస్తే బీడీ ఒక్కటే కాదు, వెల్డింగు నిప్పురవ్వ, కరెంటు స్విచ్చు కూడా గుర్తుకు రావాలె.

రెండు, గుండ్రని చక్రం మీద మంట. మొదటి దానికీ దీనికీ తేడా చూడకపోతే మోసపోతం. ఇది తనంతట తాను మండకపోవచ్చు, కానీ పక్కవాటిని మండిస్తది. హైడ్రోజన్ పెరాక్సైడ్, నైట్రిక్ యాసిడ్, పొటాషియం పర్మాంగనేట్ ఈ జాతివి. వీటిని నూనె గుడ్డల పక్కన, గోనె సంచుల పక్కన పెట్టకూడదు.

మూడు, పేలుతున్న బాంబు. దీనికి వివరణ అక్కర్లేదు. దెబ్బ, రాపిడి, వేడి తగలకూడదు.

నాలుగు, సిలిండర్. ఒత్తిడితో నింపిన గ్యాస్. ఎండలో పెట్టొద్దు, దొర్లించొద్దు, నిలబెట్టి గొలుసుతో కట్టాలె. వంటగ్యాస్ బండది కూడా ఈ జాతే, దానికి మంట బొమ్మ కూడా తోడుంటది.

ఐదు, చెయ్యినీ లోహాన్నీ తినేస్తున్న చుక్కలు. పక్కింటి పిల్లగాడు చూసిన బొమ్మ ఇదే. సల్ఫ్యూరిక్ యాసిడ్, హైడ్రోక్లోరిక్ యాసిడ్, కాస్టిక్ సోడా, కాల్చిన సున్నం. చర్మం కంటే కన్నుకు ఎక్కువ ప్రమాదం.

ఆరు, పుర్రె, ఎముకలు. కొంచెం పోయినా మనిషిని తీసేది. మింగితేనే కాదు, చర్మం మీద పడినా, పీల్చినా పనిచేసేవి ఇందులో ఉంటయి.

ఏడు, ఆశ్చర్యార్థకం గుర్తు. దురద, మంట, దగ్గు, మత్తు. తక్కువ స్థాయి హెచ్చరిక, కానీ లెక్కలోకి తీసుకోవలసిందే.

ఎనిమిది, ఛాతీ మీద నక్షత్రం ఉన్న మనిషి. అన్నిటికంటే మనం తక్కువ పట్టించుకునేది ఇదే, ఎందుకంటే ఆ రోజు ఏమీ కాదు. ఏండ్ల తర్వాత ఊపిరితిత్తులు, క్యాన్సర్, పిల్లలు పుట్టడంలో ఇబ్బంది, కడుపులో బిడ్డకు హాని, ఇవన్నీ ఈ ఒక్క బొమ్మ కింద ఉన్నయి. బెంజీన్, ఫార్మాలిన్ మీద క్యాన్సర్ కోసం, టోలీన్ మీద గర్భంలోని బిడ్డ కోసం ఈ బొమ్మ వేస్తరు. గర్భిణిగా ఉన్న ఆడబిడ్డ ప్యాకింగు సెక్షన్‌లో పనిచేస్తుంటే ఈ బొమ్మ ఎక్కడుందో మొదట చూడాలె.

తొమ్మిది, ఎండిన చెట్టు, తిరగబడ్డ చేప. నీళ్లల్లో కలిస్తే ప్రాణుల్ని చంపేది. మోరీలో పోస్తే పోయింది అనుకుంటం. మన మోరీలు పోయేది వాగులకు, వాగులు పోయేది మాంజ్రాకు. మనం మాంజ్రా అనే నదినే అవతల తెలంగాణల మంజీరా అంటరు, సింగూరు నుంచి హైదరాబాద్‌దాకా ఆ నీళ్లు తాగుతరు.

బొమ్మ పక్కన ఒక్క మాట, కింద ఒక్క అంకె

బొమ్మల పక్కన పెద్ద అక్షరాల్లో ఒక మాట ఉంటది. 'డేంజర్' అని ఉంటే ప్రమాదం ఎక్కువ, 'వార్నింగ్' అని ఉంటే దానికంటే తక్కువ. పిల్లలు కన్నడంలో చదువుకున్నా ఈ రెండు ఇంగ్లీషు మాటలు గుర్తుపడతరు.

దాని కింద 'హెచ్' అక్షరంతో మూడంకెల నంబర్లు ఉంటయి. రెండు వందల వరుస అయితే మంట, పేలుడు. మూడు వందల వరుస అయితే మనిషి ఒంటికి. నాలుగు వందల వరుస అయితే నీళ్లకు, నేలకు. మూడు వందల్లో ఒక చిన్న కిటుకు ఉంది. మింగడం గురించి 300, 301, 302. చర్మం గురించి 310, 311, 312. పీల్చడం గురించి 330, 331, 332. చివరి అంకె సున్నా అయితే ప్రాణాలు తీస్తది. ఒకటి అయితే విషం. రెండు అయితే హాని. హెచ్ 330 అని కనిపించిందంటే అర్థం: పీలిస్తే చావు. మాస్కు లేకుండా ఆ గదిలో అడుగు పెట్టొద్దు.

మెథనాల్ డ్రమ్ము తీసుకుందాం. దాని మీద మంట, పుర్రె, ఛాతీ నక్షత్రం, మూడూ ఉంటయి. వాసన, రంగు చూస్తే సారాకు దగ్గరగా ఉంటది. అందుకే 'స్పిరిటే గదా' అని తాగినవాళ్లు చూపు పోగొట్టుకున్నరు, ప్రాణాలు పోగొట్టుకున్నరు. డిస్టిలరీ, మందుల ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లల్లో ఈ ఒక్క సంగతి ప్రతి ఇంట్లో తెలియాలె. పుర్రె బొమ్మ ఉన్న స్పిరిట్ తాగే స్పిరిట్ కాదు.

పురుగుమందు లెక్క వేరు

మనలో చాలామందికి ఊళ్లో రెండెకరాలో మూడెకరాలో ఉంటయి. కంది, సోయా, మినుము వేస్తం. పురుగుమందు డబ్బా మీద కూడా డైమన్ ఉంటది గాని ఆ లెక్క వేరు. మన దేశంలో 1971 నాటి కీటకనాశనుల నియమాల ప్రకారం ఆ డైమన్‌ను అడ్డంగా రెండు చేస్తరు. కింది సగంలో రంగు, పై సగంలో మాట.

ఎరుపు అయితే అత్యంత విషం, పైన పుర్రె, 'పాయిజన్' అన్న మాట. పసుపు అయితే తీవ్ర విషం, అక్కడా 'పాయిజన్' అనే ఉంటది. నీలం అయితే మధ్యస్థం, పైన 'డేంజర్'. ఆకుపచ్చ అయితే తక్కువ, పైన 'కాషన్'.

ఇక్కడ ఒక చిక్కుంది. డ్రమ్ము మీద 'డేంజర్' అంటే అన్నిటికంటే పై స్థాయి హెచ్చరిక. పురుగుమందు డబ్బా మీద అదే 'డేంజర్' మూడో మెట్టు. మాట ఒకటే, బరువు వేరు. అందుకని పురుగుమందు దగ్గర మాట కంటే రంగు చూడండి. ఆకుపచ్చ ఉందని చేత్తో కలిపేవాళ్లను చూసిన. ఆకుపచ్చ అంటే మంచిదని కాదు, మిగిలిన మూడింటి కంటే తక్కువ చెడ్డదని.

గోదాములో మాత్రలు

పప్పు మిల్లుల వాళ్లు, ధాన్యం గోదాముల వాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి.

పురుగు పట్టకుండా బస్తాల మధ్య పెట్టే మాత్రలు అల్యూమినియం ఫాస్ఫైడ్‌వి. దాని మీద ఉండేది ఎర్ర త్రికోణం, పుర్రె. మూడు గ్రాముల మాత్ర ఒకటి గాలిలోని తేమ తగిలితే సుమారు ఒక గ్రాము ఫాస్ఫిన్ గ్యాస్ వదులుతది. పురుగును చంపేది మాత్ర కాదు, ఆ గ్యాస్. మనిషిని చంపేదీ అదే. దీనికి విరుగుడు మందు లేదు.

డబ్బా మీద మంట బొమ్మ కూడా ఎందుకుంటదంటే, నీళ్లు తగిలితే గ్యాస్ ఒక్కసారిగా వచ్చి అంటుకోవచ్చు. కాబట్టి ఒలికిన మాత్రల మీద నీళ్లు కొట్టకూడదు. తడి చేత్తో ముట్టుకోకూడదు. మామూలుగా వెల్లుల్లి వాసనో, కుళ్లిన చేప వాసనో వస్తది గాని, వాసన రాలేదు గనక గ్యాస్ లేదు అనుకోవద్దు.

ఈ మందును ప్రభుత్వ నిపుణుల పర్యవేక్షణలో గాని, అనుమతి ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ల చేత గాని వాడించాలన్నది నియమం. కిరాణా దుకాణంలో విడి మాత్రలు కొనుక్కొచ్చి ఇంట్లో కందుల బస్తాలో వేసుడు నియమానికి విరుద్ధం, ప్రాణానికి ముప్పు. గోదాముకు ఆనుకొని ఇల్లు ఉంటే, గోడ పగుళ్లల్లోంచి, తలుపు సందుల్లోంచి గ్యాస్ ఇవతలికి వస్తది. మందు పెట్టిన రోజు పక్కగదిలో పిల్లల్ని పండబెట్టొద్దు. మందు పెట్టినట్టు తలుపు మీద బోర్డు పెట్టమని అడగండి. ఆ బోర్డు కూడా లేబులే.

లేబుల్ చెప్పని సంగతులు

లేబుల్ తన డబ్బాలో ఏముందో చెబుతది. బయటికొచ్చి ఇంకోదానితో కలిస్తే ఏమైతదో చాలాసార్లు చెప్పదు. ఈ తేడా తెలియక పోయిన ప్రాణాలు ఎక్కువ.

చక్కెర కార్ఖానాలో గంధకం బస్తా చూడండి. పసుపు రాళ్లు, పెద్ద ప్రమాదంగా కనిపించదు. దాని లేబుల్ మీద మంట, ఆశ్చర్యార్థకం వంటి చిన్న హెచ్చరికలే ఉంటయి. కానీ బర్నర్‌లో కాల్చినంక వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ గొంతు పట్టేస్తది, ఆస్తమా ఉన్నవాళ్లను పడేస్తది. బస్తా మీద చూసింది వేరు, పీల్చేది వేరు.

ఇంట్లో చూడండి. పాయిఖానా కడిగే యాసిడ్ ఒక సీసా, బ్లీచింగ్ పౌడర్ ఒక ప్యాకెట్. విడివిడిగా వాడితే పని చేస్తయి. రెండూ కలిపితే క్లోరిన్ గ్యాస్ వస్తది. తలుపు మూసిన చిన్న బాత్రూంలో 'ఇంకా తెల్లగా కావాలె' అని రెండూ కలిపిన ఆడవాళ్లు ఊపిరాడక పడిపోయిన సంగతులు మన చుట్టూ విన్నయే.

అసలు లేబులే లేని విషం ఇంకోటి ఉంది. మురుగు నీళ్ల ట్యాంకులు, మొలాసిస్ గుంటలు, డిస్టిలరీ వ్యర్థాల గుంటలు. వాటిలో హైడ్రోజన్ సల్ఫైడ్ చేరుతది. మొదట కుళ్లిన గుడ్డు వాసన వస్తది. మోతాదు పెరిగితే ముక్కే పనిచేయడం మానేస్తది, వాసన పోయిందని మనిషి ధైర్యంగా దిగుతడు. పడిపోయినవాణ్ణి లేపడానికి రెండోవాడు దిగుతడు, వాడి వెనక మూడోవాడు. మన వాళ్లకు చెప్పండి: అన్న పడిపోయినా సరే, గాలి పరీక్ష, తాడు, గాలి సిలిండర్ లేకుండా దిగొద్దు. పైనుంచి పిలవాలె, జనాన్ని తేవాలె. దిగితే ఒక చావు రెండైతది.

వెంకటాపురం నేర్పిన పాఠం

ఇవన్నీ పుస్తకం మాటలు అనుకునేవాళ్ల కోసం ఒక సంగతి. 2020 మే 7న తెల్లవారుజామున మూడు గంటల వేళ, విశాఖపట్నం గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం నిద్రలో ఉన్నరు. లాక్‌డౌన్ రోజులు. ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. రోడ్ల మీద పరుగెత్తుతూ పడిపోయినవాళ్లను దేశమంతా టీవీల్లో చూసింది. పన్నెండు మంది చనిపోయినరు, వందల మంది ఆసుపత్రుల పాలైనరు.

స్టైరీన్ మీద ఏ బొమ్మలుంటయి? మంట, ఆశ్చర్యార్థకం, ఛాతీ నక్షత్రం. పుర్రె లేదు. దాని కాగితాల్లో ఇంకో సంగతి రాసి ఉంటది: చల్లగా ఉంచాలె, తనంతట తాను గట్టిపడకుండా ఒక నిరోధక మందు కలిపి దాని మోతాదు చూస్తుండాలె. లేకపోతే వేడెక్కుతది, వేడితో ఇంకా వేగంగా గట్టిపడుతది, ఇంకా వేడెక్కుతది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ విచారించి చెప్పింది సరిగ్గా ఇదే: ట్యాంకులో వేడి అదుపు తప్పింది, నిరోధక మందు చాలినంత లేదు, ప్రమాదం జరిగినప్పుడు సైరన్ మోగలేదు. రాసి ఉన్నది చదివి, చదివింది చేసి ఉంటే ఆ ఊరు ఆ రోజు మామూలుగానే నిద్ర లేచేది.

అంతకు ముందు 1984 డిసెంబర్ 2 రాత్రి భోపాల్. ఆ రాత్రి ఆసుపత్రికి వేల మంది వస్తుంటే, వచ్చింది ఏ గ్యాసో, దానికి ఏం వైద్యం చేయాలో డాక్టర్లకు చెప్పినవాళ్లు లేరు. పేరు తెలియకపోవడం కూడా మనుషుల్ని చంపుతది.

అడగడం మన హక్కు

భోపాల్ తర్వాతే మన దేశంలో చట్టాలు మారినయి. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన సరుకు గురించి కార్మికులకూ చుట్టుపక్కల జనానికీ యాజమాన్యం చెప్పి తీరాలని, పనిలో ఆరోగ్యం, భద్రతల గురించి సమాచారం అడిగే హక్కు కార్మికుడికి ఉందని చేర్చినరు. 1989లో ప్రమాదకర రసాయనాల నియమాలు వచ్చినయి. డబ్బా మీద లోపల ఏముందో, తయారు చేసింది ఎవరో, దాని ప్రమాద గుణాలేమిటో స్పష్టంగా ఉండాలని ఆ నియమాలు చెబుతయి. 2020 నాటి కొత్త భద్రతా కోడ్‌లో కూడా సమాచారం అడిగే హక్కును అట్లనే ఉంచినరు.

ప్రతి రసాయనానికీ లేబుల్‌తో పాటు పదహారు భాగాల భద్రతా పత్రం ఒకటి ఉంటది. స్టోర్‌లో అడిగితే చూపించాలె. పదహారూ చదవనక్కర్లేదు. రెండో భాగంలో ప్రమాదం, నాలుగో భాగంలో ప్రథమ చికిత్స, ఏడో భాగంలో ఎట్లా దాచాలో, ఎనిమిదో భాగంలో ఏ గ్లోవ్స్, ఏ మాస్కు, పదో భాగంలో దేనితో కలపకూడదో. ఈ ఐదూ ఇంట్లో చదువుకున్న పిల్లల చేత చదివించుకుంటే చాలు. ఫోన్లో ఫోటో తీసుకుపోతే బిడ్డ చదివి చెబుతది. అడిగినా చూపించకపోతే సేఫ్టీ కమిటీ ఉంది, యూనియన్ ఉంది, పైన ఫ్యాక్టరీలు, బాయిలర్ల శాఖ ఇన్‌స్పెక్టర్ ఉన్నరు.

నేను చేరిన కొత్తలో లేబుల్ లేని ప్లాస్టిక్ డబ్బాలో తెల్ల పలుకులు ఉంటే సోడా అనుకొని చేత్తో తీసిన. కాస్టిక్. చెమట చేతికి అంటుకొని కాలింది. ఎడమ అరచేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ డబ్బాలో పోసిన మనిషిది చెడ్డ మనసు కాదు, 'అందరికీ తెలుసు గదా' అనుకున్నడు. కొత్తగా వచ్చినవాడికి తెలియదు. అప్పటినుంచి ఎందులో ఏది పోసినా, చిన్న కాగితం మీదైనా సరే, పేరు రాసి అంటించేవాణ్ణి.

రోడ్డు మీద ట్యాంకర్లు

పుణె హైవే మీద హుమ్నాబాద్, జహీరాబాద్ దాటే ట్యాంకర్ల వెనక ఒక పెద్ద పలక చూసి ఉంటరు. అందులో నాలుగంకెల నంబరు ఉంటది. 1203 అంటే పెట్రోలు, 1230 అంటే మెథనాల్, 1005 అంటే అమోనియా, 1017 అంటే క్లోరిన్, 1789 అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్, 1830 అంటే సల్ఫ్యూరిక్ యాసిడ్. పైన చిన్న కోడ్ ఒకటి ఉంటది. అందులో చివర 'ఇ' అక్షరం ఉంటే జనాన్ని ఖాళీ చేయించవలసి రావచ్చని అర్థం.

ట్యాంకరు బోల్తా పడితే మనోళ్లు బిందెలు తీసుకొని ఉరుకుతరు. ఉరకాల్సింది అటు కాదు. గాలి ఎటునుంచి వస్తున్నదో చూసి, గాలికి అడ్డంగా దూరం పోవాలె. దూరం పోయి 112కు ఫోన్ చేసి, ఆ నాలుగంకెల నంబరు చెప్పాలె. ఫైరింజన్ వాళ్లకు ఆ నంబరు ఒక్కటి సగం పని చేసిపెడుతది.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

యాసిడ్, ఫినాయిల్, కిరోసిన్, పురుగుమందు, ఏదైనా సరే కూల్‌డ్రింకు సీసాల్లో పోయొద్దు. పిల్లవాడు లేబుల్ చదవడు, సీసాను చూసి తాగుతడు.

యాసిడ్ తాగినా, కిరోసిన్ తాగినా వాంతి చేయించొద్దు. యాసిడ్ పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి గొంతు కాలుస్తది. కిరోసిన్ వాంతిలో ఊపిరితిత్తుల్లోకి పోతది, అదే ప్రాణాంతకం. ఉప్పు నీళ్లు తాగించొద్దు. 108కు ఫోన్ చేసి, డబ్బాను గాని సీసాను గాని వెంట తీసుకొనిపోండి. డాక్టరుకు మీ మాట కంటే ఆ లేబుల్ ఎక్కువ చెబుతది.

కంట్లో పడితే వెంటనే నీళ్లు. రెప్పలు తెరిచి పట్టుకొని కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు ధారగా పోయాలె. ఆ తర్వాతే ఆసుపత్రి. నిమ్మరసం, పాలు, పసుపు ఏవీ వద్దు. పొడి సున్నం ఒంటి మీద పడితే మొదట పొడిగా దులిపి, అప్పుడు నీళ్లు.

యాసిడ్‌ను నీళ్లల్లో పోయాలె, కాస్టిక్‌ను నీళ్లల్లో వేయాలె. నీళ్లు తెచ్చి వాటి మీద పోస్తే ఉడికి ముఖం మీదికి చిమ్ముతది.

డ్యూటీ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. బయటే దులిపి, వేరే బకెట్లో నానబెట్టండి. మిల్లులో పనిచేసేది ఇంటాయన ఒక్కడే అయినా, దుమ్ము అందరి దగ్గరికీ వస్తది.

ఖాళీ డ్రమ్ము ఖాళీ కాదు

ఇప్పుడు మళ్లీ మా చెల్లె డ్రమ్ము దగ్గరికి వద్దాం. 'రెండుసార్లు కడిగిన' అన్నది గదా. ప్లాస్టిక్ డ్రమ్ము గోడ గాజు లాంటిది కాదు. కొన్ని ద్రావకాలు ఆ గోడలోకి ఇంకిపోతయి. సబ్బు పైపైన కడుగుతది. తర్వాత నీళ్లు పోసి ఎండలో పెడితే, లోపల ఇంకినది మెల్లమెల్లగా నీళ్లల్లోకి దిగుతది. వాసన రాదు, రుచి తేడా తెలియదు. ఛాతీ నక్షత్రం బొమ్మ అర్థం అదే: ఈ రోజు కాదు.

ఇనుప డ్రమ్ములది ఇంకో కథ. ద్రావకం పోసిన డ్రమ్ములో ద్రవం అయిపోయినా ఆవిరి మిగులుతది. నిండు డ్రమ్ము కంటే ఆ ఆవిరితో ఉన్న ఖాళీ డ్రమ్మే తొందరగా పేలుతది. దాన్ని గ్యాస్ కట్టర్‌తో కోసి పొయ్యి చేద్దామని, నీళ్ల తొట్టి చేద్దామని నిప్పు పెట్టొద్దు.

డ్రమ్ము కొనేటప్పుడు మూడే మూడు చూడండి. లేబుల్ పూర్తిగా ఉందా? అందులో తినే సరుకు పేరు ఉందా? ఎర్ర గీత బొమ్మ ఒక్కటైనా ఉందా? పేరు తెలియకపోతే, బొమ్మ ఉంటే, లేబుల్ గీకేసి ఉంటే, ఫ్రీగా ఇచ్చినా నీళ్లకు వద్దు.

మేమిద్దరం ఆ డ్రమ్ము గుజిరీ దుకాణానికి తీసుకుపోయినం. "ఇన్ని అమ్మిన, ఎవ్వరూ ఏమీ అనలేదు" అన్నడు దుకాణం ఆయన. లోపల ఏముండెనో ఆయనకూ తెలియదు. డబ్బులు సగమే తిరిగిచ్చిండు. చెల్లె బాధపడ్డది, ఆ సగం డబ్బులంటే ఆమెకు మూడు రోజుల కూలి. ఇప్పుడు రెండు చిన్న కొత్త డ్రమ్ములు కొనుక్కుంది, నల్లా వచ్చిన నాడు రెండుసార్లు నింపుకుంటది.

పిల్లగాడు మాత్రం ఊరుకోలేదు. తొమ్మిది బొమ్మలు నోటుబుక్కులో గీసి, కింద తెలుగులో, కన్నడలో పేర్లు రాసి నల్లా దగ్గర గోడకు అంటించిండు. నీళ్లకు వచ్చినవాళ్లు బిందె నిండేదాకా దాన్నే చూస్తున్నరు. మొన్న ఒక అవ్వ ఛాతీ నక్షత్రం బొమ్మ మీద వేలు పెట్టి, "మావాడు తెచ్చే సంచుల మీద ఇదే ఉంటది, సంచులు కుట్టి పరుపు కింద వేసుకున్నం" అన్నది.

ఆ సంచులు ఆ సాయంత్రమే బయటికి వచ్చినయి. మీ ఇంట్లో పరుపు కింద, అటక మీద, గోలెం పక్కన ఏమున్నయో ఒకసారి చూడండి.